కొబ్బరితోట రైతు కుమార్తె, రెండోసారి ఎఫ్-1 ఇంటర్వ్యూ: డబ్బు కాగితాల సంగతి

అంబాజీపేట దగ్గరి ఒక రైతు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఆయనకు రెండున్నర ఎకరాల కొబ్బరితోట, అల్లవరం వైపు కౌలుకు తీసుకున్న మూడెకరాల రొయ్యల చెరువు, ఊళ్లో సొంత డాబా ఇల్లు ఉన్నాయి. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలలో బీటెక్ పూర్తి చేసిన కుమార్తెకు అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చి, ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) చేతికందింది. హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో ఎఫ్-1 (విద్యార్థి వీసా) ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో ముగిసింది. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద తిరస్కరించినట్లు చీటీ ఇచ్చి పంపేశారు. తండ్రి ఏం చేస్తారని అడిగితే, కన్సల్టెన్సీ వారు నేర్పిన ప్రకారం, "బిజినెస్, ఏడాదికి పద్దెనిమిది లక్షల ఆదాయం" అని అమ్మాయి చెప్పిందట. ఇప్పుడు అదే కన్సల్టెన్సీ వారు లక్షన్నర తీసుకుని, నలభై లక్షలు ఆయన ఖాతాలో నెల రోజులు నిలిపి ఉంచుతామని, ఈసారి ఫండ్స్ గట్టిగా కనిపిస్తాయని అంటున్నారు. ఆ పని చేయవచ్చా, చేయకపోతే డబ్బు ఎలా చూపించాలి అన్నది ఆయన ప్రశ్న.

ఆ పని చేయవద్దండి. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ కాలం అమలాపురం, రాజోలు, పాలకొల్లు ప్రాంతాల శాఖల్లో విద్యారుణాల కాగితాలు చూసినవాడిగా చెబుతున్నాను: ఏడాదంతా ముప్పై నలభై వేలకు మించి నిల్వ లేని ఖాతాలోకి ఒక్క రోజున నలభై లక్షలు వచ్చి పడితే, ఆ స్టేట్‌మెంటు చూసిన ఎవరికైనా ముందుగా కలిగేది అనుమానమే. ఆ డబ్బు ఎవరిదని అమ్మాయిని అడిగితే ఆమె మళ్లీ ఒక అబద్ధం చెప్పవలసి వస్తుంది. అమెరికా వలస చట్టంలో 214(బి) తిరస్కరణ ఒక రకం, మోసపూరితంగా తప్పుడు వివరాలు ఇచ్చారని తేల్చడం మరో రకం. మొదటిది తాత్కాలికం, మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. రెండోది ఒకసారి పేరు మీద పడితే జీవితాంతం వెంటాడుతుంది, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప పోదు. లక్షన్నర ఖర్చు పెట్టి మొదటి రకం సమస్యను రెండో రకంగా మార్చుకోవడం ఎందుకు?

ఈ "ఖాతాలో డబ్బు నిలపడం" అనే వ్యాపారానికి ఊతమిచ్చింది ఎక్కువగా బ్రిటన్ నిబంధన. అక్కడి స్టూడెంట్ వీసాకు, ఫీజు బాకీ, జీవన వ్యయం కలిపిన మొత్తం విద్యార్థి ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలి. దాన్ని ఆసరా చేసుకుని మన దగ్గర కొందరు నెలకింత అని డబ్బు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అమెరికా వీసాకు అలాంటి రోజుల లెక్క ఏదీ లేదు. కాబట్టి వారు మీకు అమ్ముతున్నది మీకు అవసరమే లేని సరుకు. బ్రిటన్‌కైనా ఇది క్షేమం కాదు. దరఖాస్తులో మోసం చేశారని తేలితే పదేళ్ల వరకు అక్కడి వీసా దరఖాస్తులను తిరస్కరిస్తారు.

ఇక 214(బి) గురించి. ఆ చీటీ చూసి చాలామంది తండ్రులు, డబ్బు తక్కువగా చూపించినందుకే ఇచ్చారనుకుంటారు. ఆ సెక్షన్‌లో డబ్బు మాటే లేదు. తాత్కాలిక వీసా కోరే దాదాపు ప్రతి ఒక్కరూ వలస పోవడానికే వస్తున్నారని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని అధికారిని ఒప్పించవలసిన భారం దరఖాస్తుదారుది. చదువు మీద నిజమైన శ్రద్ధ ఉందా, ఖర్చు భరించే దారి ఉందా, చదువయ్యాక ఏమిటన్న ఆలోచన ఉందా అన్న మూడింటిలో ఎక్కడ అనుమానం వచ్చినా అదే చీటీ వస్తుంది. మీ అమ్మాయి విషయంలో దెబ్బతిన్నది "బిజినెస్" అన్న మాట దగ్గరేనని నా అంచనా. ఏ బిజినెస్ అని అడిగితే ఆమె దగ్గర తర్వాతి మాట ఉండి ఉండదు. రోజూ వందల మందితో మాట్లాడే అధికారికి, అప్పజెప్పిన పాఠానికీ సొంత మాటకూ తేడా తెలియడానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు.

పైగా పద్దెనిమిది లక్షలన్న లెక్క ఎవరు వేశారో గాని, వారు కొబ్బరితోట ముఖం చూసినవారు కాదు. ఎకరానికి అరవై చెట్ల చొప్పున మీకు నూట యాభై చెట్లు ఉంటాయి. చెట్టుకు ఏడాదికి ఎనభై కాయలు దిగాయనుకుంటే పన్నెండు వేల కాయలు. కాయ పన్నెండు రూపాయలకు అమ్మితే లక్షా నలభై నాలుగు వేలు. ధర ఇరవైకి చేరిన మంచి ఏడాదిలో కూడా రెండు లక్షల నలభై వేలు, అందులోంచి దింపు కూలి, ఎరువు, తోట బాగుచేయించిన ఖర్చు పోవాలి. అంతరపంటగా అరటి ఉంటే ఇంకొంత కలుస్తుంది. మిగిలినదంతా చెరువు మీద రావాలి, కానీ రొయ్య ఒక పంట లాభమిచ్చి ఇంకో పంట మేత ఖర్చు కూడా తీర్చకుండా పోవడం మీకు తెలియనిది కాదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు ఎలా పడ్డాయో భీమవరం నుంచి అల్లవరం దాకా ప్రతి చెరువు గట్టు మీదా చెప్పుకున్నారు. నిజమైన ఆదాయం ఆరు లక్షలైతే ఆరు లక్షలనే చెప్పాలి. ఒక ఏడాది చదువు ఖర్చును ఒక ఏడాది ఆదాయంతోనే కట్టాలని ఏ అధికారీ ఆశించడు.

అసలు ఎంత చూపించాలి? సమాధానం ఐ-20లోనే అచ్చయి ఉంటుంది. ఫీజు, జీవన వ్యయం, ఆరోగ్య బీమా కలిపి ఒక విద్యా సంవత్సరానికి ఎంతవుతుందో, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందని మీరు విశ్వవిద్యాలయానికి చెప్పారో రెండూ అందులో ఉంటాయి. ఉదాహరణకు ఆ మొత్తం 38,000 డాలర్లయితే, డాలరు 90 రూపాయలనుకుంటే 34 లక్షల 20 వేలు. మొదటి ఏడాదికి ఇది స్పష్టంగా కనిపించాలి, రెండో ఏడాదికి దారి ఉందని నమ్మకం కలగాలి. ఇక్కడ మీరు తప్పక చేయవలసిన పని ఒకటుంది. ఐ-20 తెప్పించేటప్పుడు విశ్వవిద్యాలయానికి ఏ బ్యాంకు కాగితం పంపారో కన్సల్టెన్సీ వారి దగ్గర నకలు అడిగి తీసుకోండి. చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ఆ కాగితం చూడనే చూడరు. అది మీది కాని కాగితమైతే, లేదా మీ దగ్గర లేని డబ్బు ఉన్నట్లు అందులో ఉంటే, అమ్మాయి స్వయంగా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఈమెయిలు రాసి, అసలైన రుణ మంజూరు పత్రం పంపి, నిధుల వివరాలు సరిచేసిన కొత్త ఐ-20 తీసుకోవాలి. ఇది మామూలుగా జరిగే పనే, సంకోచపడనక్కరలేదు.

ఇప్పుడు ముఖ్యమైన చిక్కుకు వద్దాం. డెల్టాలో మన ఆస్తి ఎక్కువగా భూమి రూపంలో ఉంటుంది, బ్యాంకులు విద్యారుణానికి తనఖాగా తీసుకోవడానికి వెనుకాడేది ఆ భూమినే. ఎకరం ఎంత పలికినా సరే, బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే తోట చూపిస్తే మేనేజరు తల ఊపి, "ఇల్లు ఉందా?" అని అడుగుతాడు. ఇల్లు చూపిస్తే రెండో చిక్కు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో (ఊరి ఉమ్మడి నివాస స్థలంలో) ఉంటాయి. తాతల నాటి అనుభవం, పంచాయతీ ఇంటి పన్ను రసీదు తప్ప రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరినుంచి ఒకరికి వచ్చిన వరుస దస్తావేజులు) లేని ఇంటికి బ్యాంకు న్యాయవాది సరైన అభిప్రాయం ఇవ్వలేడు. మా శాఖకు పక్కా ఇల్లు, పది ఎకరాల తోట ఉన్న రైతు ఒకాయన వచ్చి, ఏడున్నర లక్షలకు మించి రుణం దొరకక, ఆ పక్క టేబులు దగ్గరే మున్సిపాలిటీ పరిధిలో నూట యాభై గజాల స్థలం ఉన్న చిరుద్యోగి పాతిక లక్షలు మంజూరు చేయించుకుని వెళ్లడం నేను చూశాను.

బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా అక్కర్లేదు, అంతకు మించితే స్థిరాస్తి గాని, డిపాజిట్లు గాని, ఎల్ఐసీ పాలసీల వంటివి గాని తనఖా పెట్టాలి. ఆ స్థిరాస్తి మీదే అయి ఉండనక్కరలేదు. మీ బావమరిదికో, మీ తల్లిగారికో అమలాపురంలోనో రావులపాలెంలోనో లేఅవుట్ స్థలం ఉంటే, వారు హామీదారుగా సంతకం చేసి తనఖా పెట్టవచ్చు. ఇంటి గుట్టు బయటపడుతుందని మనవాళ్లు దీనికి మొహమాటపడి, చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాస్తారు. ఆ వడ్డీ ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. తనఖా లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలు అంతకంటే నయమే గాని, వాటి వడ్డీ ప్రభుత్వ బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ, పైగా చాలావాటిలో చదువు సాగుతుండగానే నెలనెలా కొంత వడ్డీ కట్టాలి. ప్రభుత్వ బ్యాంకులో సాధారణంగా చదువు కాలం, ఆ తర్వాత మరో ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. రొయ్యల చెరువు ఉన్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే మీకు డబ్బు నెలనెలా రాదు, పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మినప్పుడు) వస్తుంది.

బ్యాంకుకు వెళ్లేముందు మీ సిబిల్ నివేదిక (పాత అప్పులు ఎలా తీర్చారో చూపే రికార్డు) ఒకసారి తీయించండి. రుణమాఫీ వస్తుందని ఎదురుచూసి పంటరుణం రెన్యువల్ చేయించుకోని ఇళ్లలో తండ్రి పేరు మీద పాత బాకీ మరక ఇంకా కనిపిస్తూ ఉంటుంది, సహ దరఖాస్తుదారు ఆయనే కాబట్టి అమ్మాయి రుణం అక్కడే ఆగుతుంది. అటువంటిదేమైనా ఉంటే ముందు అది తీర్చి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. విద్యారుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు వేసినా, శాఖకు స్వయంగా వెళ్లి దస్తావేజుల నకళ్లు ఇవ్వక తప్పదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), న్యాయవాది అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాలి కాబట్టి నెల పట్టినా ఆశ్చర్యపోవద్దు. చేతికి రావలసింది మంజూరు పత్రం. డబ్బు వీసా తర్వాతే విడుదలవుతుంది, కాన్సులేటుకు ఆ సంగతి తెలుసు. ఇంకో చిన్న మేలు కూడా ఉంది: బ్యాంకు విద్యారుణంతో విదేశానికి పంపే ఫీజు మీద టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు, సొంత డబ్బు పంపితే ఏడాదికి పది లక్షలు దాటినదాని మీద పడుతుంది.

మీ లెక్కలోకి వస్తే, 34 లక్షల్లో పాతిక లక్షలు తనఖా మీద రుణం దొరికిందనుకుందాం. మిగిలిన తొమ్మిది లక్షలకు మీ పేరునో, మీ భార్య పేరునో ఉన్న డిపాజిట్లు, పొదుపు, అవసరమైతే బంగారం మీద తీసిన రుణం సరిపోతాయి. బంగారు రుణం చూపించడం నామోషీ కాదు. ఆ సొమ్ము ఖాతాలోకి ఎలా వచ్చిందో చెప్పే రసీదు ఉంది కదా. ఏ జమకైనా నేను చూసేది అదే, అది ఎక్కడినుంచి వచ్చిందో చూపించే కాగితం ఉందా అని.

ఆదాయానికి కాగితం పుట్టించడం మాత్రం రైతుకు కొంత శ్రమతో కూడిన పని. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మనలో చాలామంది రిటర్నులు వేయరు. వరి పండించేవారికి కొంత తేలిక, రైతు సేవా కేంద్రం ద్వారా ప్రభుత్వానికి అమ్మిన సార్వా, దాళ్వా ధాన్యం డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. కొబ్బరికాయ డబ్బు వ్యాపారి నగదుగా ఇస్తాడు. ఇకనుంచి ఖాతాలో వేయమనండి. గతానికి సంబంధించి ఆ వ్యాపారి దగ్గరి చీటీలు, లెక్కల పుస్తకం నకలు ఉంటే దాచండి. రొయ్యల విషయంలో కాటా చీటీ (తూకం రసీదు), కౌంటు, కొనుగోలుదారు చెల్లింపు వివరం మూడూ ఉండాలి. మేత దుకాణంవారు అప్పు మీద మేత ఇచ్చి పట్టుబడినాడు తమ బాకీ మినహాయించుకుని మిగిలింది మాత్రమే ఇచ్చే పద్ధతి ఉన్నచోట, ఖాతాలో కనిపించేది అసలు అమ్మకంలో సగం కూడా ఉండదు. అందుకని మేత దుకాణం ఖాతా నకలు కూడా తీసుకోండి. చెరువు కౌలు నోటిమాట మీద ఉంటే రాతపూర్వక ఒప్పందం చేసుకోండి, 2020 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన రాష్ట్ర ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ లైసెన్సు ఎవరి పేరున ఉందో చూసుకోండి. పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ (రెవెన్యూ శాఖ భూమి, పంట రికార్డులు) నకళ్లు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, వీటన్నిటినీ చూసి చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ఆస్తుల నివేదిక ఒక ఫైలులో ఉంచండి. నివేదికలో తోట విలువను ఊళ్లో చెప్పుకునే ధరకు పెంచి రాయమని అడగవద్దు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని ప్రభుత్వ విలువ ఎంత, స్థానికంగా పలికే ధర ఎంత అని విడిగా రాయించండి.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, మన ప్రాంతంలో ఇది తరచుగా ఎదురయ్యే చికాకు. పాసుపుస్తకంలో ఇంటిపేరుతో సహా "వెంకట సత్యనారాయణ", ఆధార్‌లో "సత్యనారాయణ", పాల కేంద్రం ఖాతాలో "సత్తిబాబు" అని ఒకే మనిషికి మూడు పేర్లుంటాయి. అమ్మాయి పాస్‌పోర్టులో తండ్రి పేరు ఎలా ఉందో, బ్యాంకు కాగితాల్లోనూ అలాగే ఉండాలి. వీలుకాకపోతే అన్ని పేర్లూ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ చేయించండి. అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరునంతా రెండో గడిలో రాయించిన ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటివారి అమెరికా వీసాలో మొదటి పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడి, అక్కడ బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ఇబ్బంది పెడుతుంది. వ్యవధి ఉంటే పదో తరగతి మెమోకు అనుగుణంగా పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మంచిది.

రెండోసారి దరఖాస్తుకు కొత్త డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం) నింపాలి, వీసా రుసుము 185 డాలర్లు మళ్లీ కట్టాలి. సెవిస్ (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే వ్యవస్థ) రుసుము 350 డాలర్లు మాత్రం, మొదటి తిరస్కరణ జరిగి పన్నెండు నెలలు దాటకపోతే, అదే రకం వీసాకు మళ్లీ కట్టనక్కరలేదు. ఎప్పుడైనా వీసా తిరస్కరించారా అన్న ప్రశ్నకు అవుననే రాయాలి. ఫారం ఈసారి అమ్మాయే స్వయంగా నింపాలి. సంరక్షకుడిలా కన్సల్టెన్సీ కుర్రాడు పక్కన కూర్చోనక్కరలేదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా చెబుతోంది, ఐదేళ్లుగా వాడిన ఖాతాల పేర్లన్నీ ఫారంలో అడుగుతారు, ఒక్కటి కూడా దాచవద్దు.

ఇంటర్వ్యూలో పోయినసారి చెప్పిన మాటకూ ఈసారి మాటకూ తేడా కనిపిస్తుంది, ఆ సమాధానాల నమోదు అధికారి తెర మీద ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని దాటవేయకుండా సూటిగా చెప్పడం నేర్పండి: మా నాన్న రైతు, కొబ్బరితోట ఉంది, రొయ్యల చెరువు కౌలుకు చేస్తారు, ఏడాదికి ఇంత మిగులుతుంది, పోయినసారి ఆదాయం తప్పుగా చెప్పాను, ఈ చదువుకు పాతిక లక్షలు బ్యాంకు రుణం మంజూరైంది, మిగిలింది మా పొదుపు. ఇంగ్లీషులో ఇది నాలుగు వాక్యాలు. అధికారి ఫైలు తెరిచి చూడకపోవచ్చు, చాలాసార్లు చూడరు. అయినా ఆ ఫైలు తయారుచేసిన అమ్మాయికి గొంతులో తడబాటు ఉండదు. ఆ విశ్వవిద్యాలయమే ఎందుకు, అక్కడ ఏ కోర్సులు తీసుకుంటావు, బీటెక్‌లో బ్యాక్‌లాగులుంటే ఎందుకొచ్చాయి అన్న ప్రశ్నలకు కూడా ఇలాగే సొంత మాట ఉండాలి. చదువయ్యాక అక్కడ పన్నెండు నెలలు, సాంకేతిక కోర్సులకు మరో ఇరవై నాలుగు నెలలు శిక్షణగా పనిచేసే వీలుందని అందరికీ తెలుసు గాని, చదువుకు వెళ్తున్నదే దానికోసమన్నట్లు మాట్లాడితే మళ్లీ అదే చీటీ వస్తుంది.

మీరు జర్మనీ గురించి కూడా ఒక మాట అడిగారు. అక్కడ ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (నెలకింత చొప్పునే తీసుకోగల ఖాతాలో) ముందే వేయాలి, ఢిల్లీలోని ఏపీఎస్ (చదువు పత్రాలు పరిశీలించే జర్మన్ కార్యాలయం) నుంచి విద్యార్హతల ధ్రువపత్రం తీసుకోవాలి. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు దాదాపు లేనందువల్ల మీబోటి కుటుంబానికి అది కూడా ఆలోచించదగినదే, కాకపోతే చేతిలో ఐ-20 ఉండగా ఈ ఏడాది దారి మార్చమని నేను చెప్పను.

ఇంటర్వ్యూ స్లాటు దొరికేలోపు తరగతులు మొదలయ్యే తేదీ దాటిపోయేలా ఉంటే కంగారుపడి ఏజెంటుకు డబ్బు కట్టవద్దు; సీటును వచ్చే జనవరికి వాయిదా వేయమని విశ్వవిద్యాలయానికి రాస్తే చాలావరకు ఒప్పుకుంటారు, కొత్త తేదీలతో ఐ-20 పంపుతారు. ఈ వారంలో చేయవలసినవి రెండే: మీ బావమరిదికి గాని, తల్లిగారికి గాని స్థలం ఉంటే దాని దస్తావేజు నంబరుతో ఈసీకి దరఖాస్తు పెట్టడం, గత మూడు పట్టుబడుల కాటా చీటీలు వెతికి తీయడం. ఆ చీటీల లెక్క మాత్రం మీరు వేయకండి, కాగితం, పెన్ను అమ్మాయి చేతికిచ్చి పక్కన కూర్చోండి.